గుండీలు లేని చొక్కా: కఫ్‌లింకులు, పట్టు టై ఎంచుకోవడం, వేసుకోవడం

పోయిన శ్రావణంలో ఒక సాయంత్రం ఐదున్నరకు ఒక కుర్రవాడు ఆయాసపడుతూ మా దుకాణం మెట్లెక్కాడు. ఏడింటికి తిరుచానూరు వైపున్న ఒక కల్యాణ మండపంలో అతని రిసెప్షన్. చేతిలో కొత్త తెల్ల చొక్కా. "అన్నా, మా మామయ్య అమెరికా నుంచి తెచ్చాడు. చేతులకు కాజాలు తీసి గుండీలు కుట్టడం మరిచిపోయారు. తొందరగా నాలుగు గుండీలు వేసివ్వన్నా" అన్నాడు.

చొక్కా విప్పి చూశాను. ముంజేతి పట్టీ మామూలుదానికి రెండింతలు ఉంది. ఒక్కో చేతికి నాలుగేసి కాజాలు. ఎవరూ ఏదీ మరిచిపోలేదు. అది మడత కఫ్ ఉన్న చొక్కా. దానికి గుండీలు కుట్టరు, కఫ్‌లింకులు పెడతారు, అంటే కాజాల్లోంచి దూర్చి పట్టీ అంచులను కలిపి ఉంచే విడి గుండీలు. ఆ మాట చెబితే అతని ముఖం చూడవలసిందే.

అతన్ని తప్పు పట్టలేను. మన ఊళ్లో టై అంటే ఎలాస్టిక్ తాడుతో బడిపిల్లల మెడలో వేలాడేది, లేదా మండుటెండలో మందుల సంచీ మోసుకు తిరిగే మెడికల్ రెప్రజెంటేటివ్ కట్టుకునేది. కఫ్‌లింకులు చాలామంది చేత్తో తాకి కూడా ఉండరు. ముహూర్తానికి పట్టుపంచె, రిసెప్షన్‌కు సూటు అనే అలవాటు వచ్చాక ఈ రెండూ మూడు నాలుగు గంటల పాటు మన మీదికి వస్తున్నాయి. ఆ కాసేపటికి ఏం కొనాలి, ఎలా చూడాలి, ఎలా పెట్టుకోవాలి అన్నది ఇరవై రెండేళ్లుగా తిరుపతిలో చొక్కాలు కుడుతున్నవాడిగా చెబుతున్నాను. ఒక మంచి టై, ఒక జత కఫ్‌లింకులు, ఒకే ఒక్క ముడి. అంతకు మించి అక్కరలేదని నా లెక్క. డబ్బు మిగిలితే చొక్కా మీద పెట్టండి.

ముందు చొక్కా సంగతి

కఫ్‌లింకులు కొనే ముందు అవి పట్టే చొక్కా ఉందో లేదో చూసుకోండి. మామూలు చొక్కా పట్టీకి ఒక పక్క గుండీ, ఒక పక్క కాజా ఉంటాయి. అందులో కఫ్‌లింకు పెట్టలేరు. రెండు పక్కలా కాజాలు ఉండాలి. మడత లేకుండా కుట్టిన ఒంటి కఫ్‌కు రెండు కాజాలు చాలు. వెనక్కి మడిచే కఫ్‌కు నాలుగు కావాలి. రిసెప్షన్ సూటు లోపలికి ఈ రెండోదే నిండుగా ఉంటుంది.

కుట్టించుకుంటున్నారా? అయితే మీ దర్జీకి మూడు మాటలు చెప్పండి. మొదటిది, మడిచాక కఫ్ వెడల్పు రెండున్నర ఇంచీలకు తగ్గకూడదు, మూడుకు మించకూడదు. రెండోది, కఫ్‌లో బక్రం, అంటే బిగువు కోసం లోపల వేసే గుడ్డ, పలచగా వేయాలి. మడతలో నాలుగు పొరల గుడ్డ ఒకదానిమీద ఒకటి పడుతుంది. మామూలు చొక్కాకు వేసే గట్టి బక్రమే వేస్తే కఫ్ అట్టముక్కలా నిలబడి, కోటు చేతిలోకి దూరదు. మూడోది, గడియారం పెట్టుకునే చేతికి కఫ్ చుట్టుకొలత పావు నుంచి అర ఇంచీ ఎక్కువ తీయాలి. ఈ మూడో సంగతి చెప్పకపోతే ఏ దర్జీ అడగడు. మొదట్లో నేనూ అడిగేవాణ్ణి కాదు. ఒక బ్యాంకు మేనేజరు గారు గడియారం మీద కఫ్ మూతపడక చొక్కా వెనక్కి తెచ్చి బల్లమీద పడేశాక అడగడం నేర్చుకున్నాను.

చేతి పొడవు బొటనవేలి మొదలు దాకా రావాలి. కోటు తొడిగి చేతులు వేలాడదీస్తే, కోటు చేతి కింద అర ఇంచీ చొక్కా కనిపించాలి. ఆ అర ఇంచీ కోసమే ఇంత హంగామా. అది కనిపించకపోతే బంగారు కఫ్‌లింకులు పెట్టినా చీకట్లో కన్ను గీటినట్టే. కోటు అద్దెకు తెచ్చుకునేవారు మాత్రం చొక్కా వెంట తీసుకువెళ్లి, కఫ్ మడిచి, రెండూ కలిపి తొడిగి చూసుకోవాలి. అద్దె కోట్ల చేతులు తరచు పొడవుగా, ఇరుకుగా ఉంటాయి.

ఇక కాలరు. "టై కడితే ఊపిరాడదండీ" అని చాలామంది అంటారు. తప్పు టైది కాదు, కాలరుది. పై గుండీ పెట్టుకున్నాక మెడకూ కాలరుకూ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి. రెండేళ్ల కిందటి కొలతతో కుట్టించిన చొక్కాలో అది కుదరదు. మెడ కొలత మళ్లీ తీయించుకోండి.

కఫ్‌లింకును వెనక వైపు చూసి కొనండి

అందరూ ముందున్న బిళ్లను చూసి మోజుపడతారు. మీరు వెనక్కి తిప్పి చూడండి. ఇబ్బంది పెట్టేది అక్కడే.

ఎక్కువగా దొరికేవి కాడ చివర అడ్డంగా తిరిగే బద్ద ఉన్నవి. బద్దను కాడకు వరసగా నిలువుగా తిప్పి కాజాలోంచి దూర్చి, అవతల మళ్లీ అడ్డం తిప్పాలి. కొత్తగా పెట్టుకునేవారికి ఇదే సులువు. కొనేటప్పుడు బద్దను పదిసార్లు తిప్పి చూడండి. టక్కుమని ఆగాలి. వదులుగా ఊగిసలాడితే, భోజనాల వరసలో చేయి చాపినప్పుడు జారి సాంబారు బకెట్లో పడుతుంది. రెండో రకంలో తిరిగే భాగం ఏదీ ఉండదు. వెనక చిన్న బిళ్ల బిగువుగా అతికించి ఉంటుంది. దాన్ని కాజాలోకి దూర్చడం కష్టం, ఊడిపోవడం ఇంకా కష్టం. మూడోది గొలుసు రకం. రెండు బిళ్లల మధ్య చిన్న గొలుసు ఉంటుంది, రెండు వైపులా అందంగానే కనిపిస్తుంది. నా ఓటు దీనికే. ఎందుకో కాస్త కింద చెబుతాను.

పట్టుదారంతో అల్లిన ముడులు కూడా కఫ్‌లింకులే. పారిస్‌లోని షార్వే అనే చొక్కాల దుకాణం 20వ శతాబ్ది మొదట్లో వాటికి పేరు తెచ్చింది. రెండు దారపు బంతులను ఒక పొట్టి తాడు కలుపుతుంది, అంతే. బరువుండదు, నల్లబడదు, గీతలు పడదు. మనకు ఇవి దొరకవని బాధపడనక్కరలేదు. చీరలకు కుచ్చులు వేసే అమ్మాయిలు ప్రతి వీధిలో ఉన్నారు. టై రంగుకు దగ్గరగా ఉన్న పట్టుదారం ఇచ్చి, శనగగింజకన్నా కాస్త పెద్దవి నాలుగు ముడి బంతులు అల్లి, రెండేసి చొప్పున ముప్పావు ఇంచీ తాడుతో కలపమని అడగండి. మా వీధిలో కుచ్చులు వేసే ఆవిడ చీర కొంగుకు ముడులు వేస్తూనే, నేను నిలబడి ఉండగానే జత చేసి ఇచ్చింది.

లోహం విషయం త్వరగా ముగిస్తాను. గడియారం, బెల్టు బకిల్, కఫ్‌లింకు ఒకే ఛాయలో ఉంటే చాలు. మన మగవాళ్ల వేళ్లకు బంగారు ఉంగరాలు ఉంటాయి కాబట్టి పసుపు ఛాయ సహజంగా కలుస్తుంది. స్టీలు గడియారం పెట్టుకునేవారు వెండిగానీ స్టీలుగానీ తీసుకోండి. వెండి మీద 925 అని ఉంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి అని అర్థం. పూత వేసినవి చెమటకు త్వరగా రంగు పోతాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో అది ఎంతో దూరం లేదు.

ఒక మాట అడక్కుండానే చెబుతాను. మన ఊరు కదా, శంఖచక్రాలూ నామమూ ఉన్న కఫ్‌లింకులు కావాలని వచ్చేవారు ఉంటారు. నేను వద్దంటాను. భక్తి తక్కువై కాదు. అవి ఎంగిలి చేతుల దగ్గర, విందు బల్లల మీద, ఇంకా చెప్పరాని చోట్ల తిరుగుతాయి. సాదా బిళ్ల, ముత్యపు చిప్ప, నల్లరాయి, ఎనామిల్ పూత, ఎన్ని లేవు?

పెట్టుకునే తీరు

ముందు కఫ్‌ను సగానికి వెనక్కి మడవండి. అంచులు సరిగ్గా కలిసేలా వేలితో నొక్కండి. ఇస్త్రీ పెట్టెతో మడత గీత వేయకండి, గుండ్రంగా తిరిగి ఉండాలి. నాలుగు కాజాలూ ఒకే గీతలోకి వచ్చాయా అని వెలుతురుకు ఎత్తి చూడండి. అవతలి బల్బు కాజాల్లోంచి చుక్కలా కనిపిస్తే సరి.

ఇప్పుడు అసలు మెలకువ. మామూలు చొక్కాలో కఫ్ ఒక అంచు రెండోదాని మీదికి ఎక్కుతుంది. ఇక్కడ అలా కాదు. రెండు అంచుల లోపలి ముఖాలు ఒకదానికొకటి ఆనాలి, నమస్కారం పెట్టేటప్పుడు అరచేతులు ఆనినట్టు. అంచులు బయటికి చాచుకుని ఉంటాయి. చేయి కిందికి వేలాడదీస్తే ఆ అంచులు వెనక్కి, చిటికెనవేలి వైపు ఉండాలి. కఫ్‌లింకు బిళ్ల బయటివైపు, జనానికి కనిపించే వైపు ఉండాలి. బద్ద ఒంటివైపు ఉండాలి.

కుడిచేతి వాటం ఉన్నవారు ముందు కుడి కఫ్‌కు పెట్టుకోండి. ఎడమచేత్తో పెట్టాలి కాబట్టి అదే కష్టం, ఓపిక ఉండగానే అయిపోతుంది. మొదటిసారి ఐదు నిమిషాలు పడుతుంది. అందుకని రిసెప్షన్ రోజు కాకుండా ముందు రోజు ఒకసారి ఇంట్లో పెట్టుకుని తీయండి. కొత్త కాజాలు కూడా కాస్త సాగుతాయి.

తాతగారి బంగారు గుండీలు

గొలుసు రకానికి నా ఓటని చెప్పాను కదా. కారణం మన ఇళ్లలోనే ఉంది. మీ బీరువాలో, అమ్మ నగల పెట్టె అడుగున, సన్నని గొలుసుతో కలిపిన మూడు నాలుగు బంగారు గుండీలు ఉన్నాయేమో వెతకండి. తాతల కాలంలో లాల్చీకి, పట్టు చొక్కాకు పెట్టుకునేవారు. ఉతికేటప్పుడు తీసి, వేసుకునేటప్పుడు మళ్లీ పెట్టేవారు. కుట్టని గుండీ అన్నది మనకు కొత్తేమీ కాదు. దాన్ని గుండెల మీంచి మణికట్టుకు దించడమే మిగిలిన పని.

నాలుగు గుండీలు ఉంటే రెండు వైపులా గుండీలున్న జత కఫ్‌లింకులు అవుతాయి. రెండే ఉంటే ముందుకు అవి, వెనక్కి చిన్న వెండి బిళ్లలు. కంసాలి దగ్గరికి వెళ్లే ముందు చొక్కా కూడా చంకన పెట్టుకోండి. ఇది మరిచిపోతే పని చెడినట్టే. కఫ్‌ను మడిచి, అంచులు కలిపి, నాలుగు కాజాల్లోంచి ఒక దారం దూర్చి, ఇటు గుండీ అటు గుండీ ఉంటే దారం ఎంత కావాలో అక్కడే కొలిచి ముడి వేసి ఇవ్వండి. గొలుసు ఆ కొలతే ఉండాలి. పొట్టిదైతే కఫ్ ముడతలు పడుతుంది, పొడవైతే గుండీ తలవేలాడేస్తుంది.

పని అప్పగించే ముందు గుండీలను మీ కళ్లముందే తూకం వేయించి చీటీ మీద రాయించుకోండి. తీసుకునేటప్పుడు మళ్లీ తూకం. అతుకులకు కలిపిందెంత, తరుగు ఎంత అన్నది ముందే మాట్లాడుకోవాలి. కొత్త బంగారంతో చేయించుకునేవారు గొలుసుకు, కదిలే భాగాలకు 18 క్యారెట్లు అడగండి. ముద్ర 750 అని ఉంటుంది. 22 క్యారెట్లది, అంటే 916 ముద్ర ఉన్నది, మెత్తన. రోజూ వంగే చోట త్వరగా అరుగుతుంది. బిళ్లకు 22 పెట్టించుకోండి, మెరుపు బాగుంటుంది.

టైని చేత్తో పట్టి చూడండి

పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు కొలువులో చేరిన క్రొయేషియా సైనికులు మెడకు కట్టుకున్న గుడ్డ అక్కడివారికి నచ్చి, ఆ జాతి పేరుమీదే క్రవాట్ అయి, నానా రూపాలు మారి టై అయింది. మెడలో కండువా వేసుకునే మనకు అదేమీ వింత కాదు. కండువాను పోగు వెంట నేరుగా చింపుతాం. టై గుడ్డను మాత్రం పోగుకు అడ్డంగా, 45 డిగ్రీల ఏటవాలులో, మా భాషలో చెప్పాలంటే క్రాస్‌లో కత్తిరిస్తారు. మూడు ముక్కలు కత్తిరించి అతుకుతారు. 1920ల్లో న్యూయార్క్ టైల తయారీదారు జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. క్రాస్‌లో ఉన్న గుడ్డ సాగి, మళ్లీ తన చోటికి వస్తుంది. అందుకే ముడి విప్పాక టై నలిగిన తాడులా మిగలదు.

దుకాణంలో మీరు చేయాల్సిన పరీక్షలు ఇవీ. టైని సన్న కొస పట్టుకుని గాలిలో వదలండి. నేరుగా వేలాడితే కత్తిరింపు బాగున్నట్టు. తాడు పేనినట్టు మెలి తిరిగితే క్రాస్ తప్పింది, ఎంత అందంగా ఉన్నా పెట్టేయండి. తరవాత వెడల్పు కొసను వెనక్కి తిప్పి, రెండు మడతలు కలిసే చోట కొద్దిగా విప్పి చూడండి. పొడవునా ఒకే దారంతో వదులుగా వేసిన చేతికుట్టు, చివర ఆ దారం కొద్దిగా మిగులుగా కనిపించాలి. టై సాగినప్పుడు ఆ మిగులు దారమే లోపలికి జారి, కుట్టు తెగకుండా కాపాడుతుంది. దాన్ని చూసి పోగు ఊడిందని కత్తిరించేవారు ఉన్నారు. దయచేసి ముట్టుకోకండి. ఆఖరికి మధ్యభాగాన్ని పిడికిట్లో నలిపి వదలండి. మంచి పట్టు, మంచి లోపలి గుడ్డ ఉంటే ముడత తనంతట తాను విచ్చుకుంటుంది.

పట్టేనా కాదా అన్న అనుమానం తీరాలంటే లోపలి మడతనుంచి ఒక్క పోగు లాగి వెలిగించండి. పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. దుకాణంలో అగ్గిపుల్ల గీయనివ్వరు కాబట్టి ఇది ఇంటి పరీక్ష. కొనేటప్పుడైతే కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చిన సిల్క్ మార్క్ చీటీ ఉందేమో అడగండి.

వెడల్పు కొస దగ్గర మూడు నుంచి మూడుంబావు ఇంచీలు చాలామందికి నప్పుతుంది. కోటు కాలరు పట్టీ వెడల్పుకు దగ్గరగా ఉంటే మంచిది. పొడవు సాధారణంగా 57, 58 ఇంచీలు.

రవికె గుడ్డతో టై

దీనికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను, ఎందుకంటే మన ప్రాంతంలో ఇంత సులువుగా కుదిరేది ఇంకొకటి లేదు. ఇటు మదనపల్లె దగ్గర నీరుగట్టువారిపల్లెలో మగ్గాలు, అటు కంచి, ఇంకాస్త ఎగువన ధర్మవరం. మధ్యలో పలమనేరు, కుప్పం వైపు మల్బరీ తోటలు. పట్టుపురుగును పెంచే చోట కూర్చుని పట్టు టై కోసం ఎక్కడికో ఆర్డరు పెట్టడం నాకెందుకో మనసొప్పదు.

ప్రతి పట్టుచీరతోనూ రవికె గుడ్డ వస్తుంది. సుమారు 80 సెంటీమీటర్లు ఉంటుంది. చాలామంది ఆడవాళ్లు వేరే గుడ్డతో రవికె కుట్టించుకుని దీన్ని బీరువాలో పడేస్తారు. సాదాగా, ఒకే రంగులో ఉన్న ముక్కను అడిగి తీసుకోండి. జరీ అంచు, జరీ బుటాలు వద్దు. జరీ మెడకు గీసుకుంటుంది, ముడిలో విరుగుతుంది, క్రాస్‌లో అసలే సాగదు. పాత చీర అయితే మడత గీతల దగ్గర రెండు చేతులా పట్టి మెల్లగా లాగి చూడండి. చిరిగిన చప్పుడు వస్తే ఆ గుడ్డ పని అయిపోయింది.

లోపలి గుడ్డ దగ్గర అందరూ బోల్తా పడతారు. టైలో వేసే ఉన్ని కలిసిన మెత్తని కాన్వాస్ మన దుకాణాల్లో దొరకడం కష్టం. చొక్కా బక్రం వేస్తే టై తాటాకులా ఉంటుంది. ఉపాయం ఏమిటంటే, ఇంట్లో వాడని పాత టై ఒకటి తెచ్చి వెనక కుట్టు దారం పట్టి లాగండి. మొత్తం ఒక్క ఊపున విచ్చుకుంటుంది. లోపలి గుడ్డ తీసుకోండి. పై గుడ్డను పరిచి దాన్నే నమూనాగా పెట్టుకుని కొత్త పట్టును కత్తిరించండి. నమూనా ముక్కల మీద పోగు ఏ వైపు ఉందో చూసి, కొత్త గుడ్డ మీద కూడా అదే ఏటవాలు పెట్టాలి. గుడ్డ మిగుల్చుదామని నేరుగా పెట్టే దర్జీలు ఉన్నారు. పక్కన నిలబడి చూడండి. వెనక కుట్టు చేత్తోనే వేయించండి, వదులుగా.

శ్రీకాళహస్తి కలంకారీ అంటే ఇష్టమున్నవారు ఇంకో దారి పట్టవచ్చు. అది వెదురు కలంతో చేత్తో గీసే పని. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద పటిక, సహజ రంగులతో చేస్తారు. పట్టు మీద కూడా గీసే పనివారు ఉన్నారు. అయితే గీసిన గుడ్డ తెచ్చి టై కత్తిరించకండి, నెమలి మెడ ఒక పక్క, తోక ఒక పక్క పోతాయి. ముందు టై ముక్కలు కత్తిరించి, ముడి కింద ఎక్కడినుంచి బొమ్మ కనిపించాలో సుద్దతో గుర్తు పెట్టి, ఆ ముక్కలు తీసుకుని వెళ్లండి. చిన్న లత, ఒక పిట్ట, అంతకుమించి అడగకండి. మూడు ఇంచీల వెడల్పులో పురాణమంతా పట్టదు.

ఒక్క ముడి

1999లో కేంబ్రిడ్జ్ భౌతిక శాస్త్రవేత్తలు థామస్ ఫింక్, యాంగ్ మావో లెక్కలు కట్టి, టై ముడులు 85 రకాలని నేచర్ పత్రికలో ప్రకటించారు. పెళ్లికొడుకు నేర్చుకోవాల్సినవి తాళికి మూడు, టైకి ఒకటి.

అద్దం వద్దు, మొదట్లో అది కుడి ఎడమలు తారుమారు చేసి కంగారు పెడుతుంది. తల వంచి చూసుకుంటూ కట్టండి. వెడల్పు కొస మీ కుడివైపు, సన్న కొస ఎడమవైపు ఉండాలి. సన్న కొస బొడ్డుకు నాలుగు వేళ్లు పైన ఉండేలా సర్దండి. వెడల్పు కొసను సన్నదాని మీదుగా ఎడమకు తీసుకురండి. దాని కిందినుంచి కుడికి పంపండి. మళ్లీ పైనుంచి ఎడమకు. ఇప్పుడు మెడ దగ్గరి సందులోంచి కిందినుంచి పైకి లాగండి. ఇప్పుడే ఏర్పడిన ముందు పట్టీ కిందనుంచి కిందికి దించండి. అంతే.

బిగించడానికి ముందు ఒక్క క్షణం ఆగండి. ముడికి సరిగ్గా కింద, వెడల్పు కొస మధ్యలో చూపుడువేలు పెట్టి, బొటనవేలూ నడిమివేలూ రెండు పక్కలనుంచి ఒత్తుతూ మెల్లగా కిందికి లాగండి. ముడి కింద బుగ్గసొట్టలాంటి చిన్న సొట్ట పడుతుంది. ఇది ఉన్న టైకి, లేని టైకి తేడా ఫోటోలో చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. ముడి కాస్త వంకరగా ఉంటే సరిచేయకండి, దాని తీరే అంత.

కొస బెల్టు బకిల్‌ను తాకితే పొడవు సరిపోయినట్టు. కింద పడితే విప్పి, ఈసారి వెడల్పు కొసను ఇంకాస్త పైనుంచి మొదలుపెట్టండి. ఐదడుగుల నాలుగంగుళాల లోపు ఉన్నవారికి వెనక సన్న కొస పొడవుగా మిగిలిపోతుంది. దాన్ని చొక్కా రెండు గుండీల మధ్యనుంచి లోపలికి తోసేయండి. ఎవరూ చూడరు.

రంగులు, చోటు

పెళ్లికూతురి చీర రంగుతో అచ్చుగుద్దినట్టు కలపాలని ఫోటోగ్రాఫర్లు పట్టుబడతారు. నేను ఒక ఛాయ ముదురు తీసుకోమంటాను. ఆమె గులాబీ కడితే మీకు మెరూన్, ఆమె నెమలికంఠం కడితే మీకు ముదురు నీలం. వేదిక దీపాల కింద మరీ మెరిసే సాటిన్ తెల్లగా వెలిగిపోతుంది. నేతలోనే గరుకు కనిపించే పట్టు బాగా వస్తుంది. సన్నని గళ్లు వీడియోలో అలల్లా కదులుతాయి, మానండి.

ఏర్పేడు ఐఐటీకో, శ్రీసిటీ ఫ్యాక్టరీకో ఇంటర్వ్యూకు వెళ్లేవారు టై వరకు చాలించండి. ముదురు నీలం, సాదాది. కఫ్‌లింకులు ఇంట్లో పెట్టేయండి. ఉద్యోగం అడగడానికి వెళ్లినవాడి మణికట్టు మెరవడం ఎవరికీ నచ్చదు. ఎండలో ప్రయాణమైతే టైని గుండ్రంగా చుట్టి సంచిలో వేసుకుని, చేరాక కట్టుకోండి.

పన్నీరు, పూలదండ, రసం

పట్టు టైకి మన పెళ్లిళ్లలో మొదటి శత్రువు గుమ్మంలోనే నిలబడి ఉంటుంది, పన్నీరు బుడ్డి చేత పట్టుకుని. పట్టు మీద నీటి చుక్క ఆరితే మచ్చగా మిగులుతుంది. అతిథి అయితే చిరునవ్వుతో కోటు మూసి పట్టుకుని లోపలికి నడవండి. పెళ్లికొడుకుకు తప్పదు, దండలు కూడా తడిగానే వస్తాయి. దండ మార్చే ముందు కోటు గుండీ పెట్టించమని తోడుపెళ్లికొడుక్కి చెప్పి ఉంచండి.

తడి పడితే రుద్దకండి. పొడి నూలుగుడ్డ అద్ది తీయండి. నూనె పడితే ముఖానికి రాసుకునే పౌడరు మందంగా చల్లి, రాత్రంతా ఉంచి దులపండి. పసుపు, సాంబారు మరకలకు మాత్రం ఇంటి వైద్యం వద్దు, డ్రైక్లీనింగ్‌కు ఇచ్చి ఏ మరకో చెప్పండి. భోజనానికి కూర్చునే ముందు టైని భుజం మీదికి వేసుకోవచ్చు. రసం వడ్డించేవాడు వస్తున్నప్పుడు నేనైతే చొక్కాలోకి దోపేస్తాను.

రాత్రి టైని ముడితోనే తలమీంచి లాగి మేకుకు తగిలించకండి. వేసిన వరసకు తిరుగువరసలో విప్పి, ఒక రోజు వేలాడదీసి, తరవాత చుట్టి పెట్టండి. ఇస్త్రీ పెట్టె తాకించవద్దు. సెంటు టై కట్టకముందే కొట్టుకోండి. కఫ్‌లింకులను మెత్తటి గుడ్డతో చెమట తుడిచి, ఒకదానికొకటి రాసుకోకుండా విడివిడిగా చుట్టి పెట్టండి.

ఏమీ లేనప్పుడు

ఆ కుర్రవాడి చొక్కాకు నేను చేసింది మీరు కూడా ఇంట్లో చేసుకోవచ్చు. ఒకే రకం కోటు గుండీలు నాలుగు తీసుకోండి. నాలుగు పేటల దారంతో ఒక గుండీ కుట్టి, అర ఇంచీకి పైగా ఎడం వదిలి రెండో గుండీలోకి దారం ఎక్కించి మళ్లీ వెనక్కి రండి. ఇలా మూడు నాలుగుసార్లు తిప్పాక మధ్యనున్న దారాల చుట్టూ అదే దారాన్ని దగ్గర దగ్గరగా చుట్టి ముడి వేయండి. కాడలా గట్టిగా అవుతుంది. గుండీని పక్కకు వంచి కాజాల్లోంచి దూర్చండి. పావుగంటలో రెండు చేతులవీ అయిపోయాయి. నల్ల గుండీలు, తెల్ల కఫ్, చూడడానికి కావాలని పెట్టుకున్నట్టే ఉన్నాయి. ఆరున్నరకు బయలుదేరి వెళ్లాడు.

పదిరోజుల తరవాత గుండీలు తిరిగి ఇవ్వడానికి వచ్చాడు, మిఠాయి పొట్లంతో. జేబులోంచి ఒక చిన్న పెట్టె తీసి బల్లమీద పెట్టాడు. లోపల వెండి కఫ్‌లింకులు, ముత్యపు చిప్ప బిళ్లలు. మామయ్య చొక్కాతోపాటే తెచ్చాడట. డబ్బా అడుగున, చొక్కా మడతల్లో పెట్టే అట్టముక్క కింద ఉన్నాయి. రిసెప్షన్ మర్నాడు వాళ్లమ్మ చెత్తలో పడేయబోతుంటే గలగలమన్నాయట. కాబట్టి కొత్త చొక్కా డబ్బా పారేసే ముందు, ఆ అట్ట ఒకసారి ఎత్తి చూడండి.